పైరేట్స్ ఈ 2025-26 చలికాలం డబ్బు తీశారు సరే, బంతి వేసే పిచర్ స్కీన్స్ ఉండే నాలుగేళ్ళకి ఇది సరిపోతుందా?

బక్కోస్ బావ

ఓ'హెర్న్ అనే బ్యాటర్‌కి రెండేళ్ళకి 29 మిలియన్ల డాలర్లు ఇస్తున్నారన్న వార్త చూశాక ఇక ఆగలేక ఈ చర్చ మొదలెడుతున్నా. బయటి టీమ్ నుంచి ఒక బ్యాటర్‌ని ఫ్రీ ఏజెన్సీలో, అంటే కాంట్రాక్ట్ అయిపోయి ఏ టీమ్‌కైనా వెళ్ళగల వాళ్ళలోంచి, ఏడాదికి మించిన కాంట్రాక్ట్‌తో తెచ్చుకోవడం మన బేస్‌బాల్ టీమ్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి 2015 డిసెంబర్‌లో జాన్ జేసో తర్వాత ఇదే మొదలు. పదేళ్ళు! అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు లిటిల్ లీగ్ ఆడుతున్నారు. దీనికి ముందే టాంపా నుంచి బ్రాండన్ లో వచ్చాడు, 2025లో 31 హోమ్ రన్లు కొట్టినోడు. పిచర్ ఒవియేడోని బోస్టన్‌కి ఇచ్చి గార్సియా అనే కుర్ర ఔట్‌ఫీల్డర్‌ని తెచ్చారు. పెద్ద హిట్టర్ ష్వార్బర్‌కైతే నాలుగేళ్ళకి 125 మిలియన్ల దాకా ఆఫర్ పెట్టారని రిపోర్టులు, అతను ఐదేళ్ళు 150కి ఫిలడెల్ఫియాలోనే ఉండిపోయాడనుకోండి.

సంతోషమే. కానీ కడుపు మండేది ఎక్కడంటే, ఇదే పని ఏడాది ముందు ఎందుకు చెయ్యలేదు అని. 2025లో మన టీమ్ మొత్తం 583 రన్లు, 30 టీముల్లో అందరికంటే తక్కువ. 117 హోమ్ రన్లు, అదీ అందరికంటే తక్కువే. అదే ఏడాది స్కీన్స్ 1.97 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన సగటు రన్లు) ఒక్క ఓటు కూడా తేడా లేకుండా బెస్ట్ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు, మరి అతని గెలుపోటములు చూస్తే 10-10. మే 18న ఫిలడెల్ఫియాలో ఎనిమిది ఇన్నింగ్సూ తనే వేశాడు, ఇచ్చింది మూడు హిట్లు, తొమ్మిదిమందిని స్ట్రైకౌట్ చేశాడు, కెరీర్‌లో మొదటి కంప్లీట్ గేమ్, మనం 1-0తో ఓడిపోయాం. ఒక్క రన్ చాలు కదా గేమ్ నిలబెట్టడానికి, ఆ ఒక్కటి కొట్టేవాడు లేడు.

స్కీన్స్ 2029 సీజన్ అయ్యేదాకా మనోడు. ఆ తర్వాత ఫ్రీ ఏజెంట్, అప్పుడు మనం వాణ్ణి ఆపగలం అని నేనైతే అనుకోను. అంటే చేతిలో ఉన్నవి 2026, 27, 28, 29. నా మాట ఒకటే, దాచుకునే టైమ్ అయిపోయింది, ఇంకో 30 మిలియన్లయినా ఈ చలికాలమే పెట్టాలి. మీరేమంటారు?

పట్నం పోరడు

అన్నా నేను క్రికెట్ చూసేటోణ్ణి, చదువుకి పిట్స్‌బర్గ్ వచ్చినంక దోస్తులతోటి ఈ ఆట అలవాటైంది. నాకొకటి సమజైతలేదు. ఐపీఎల్‌ల 2025 మెగా వేలానికి అందరికీ ఒక్కటే పర్సు, 120 కోట్లు. మన సన్‌రైజర్స్ క్లాసెన్‌కి 23 కోట్లు, కమిన్స్‌కి 18 కోట్లు ఇచ్చి ఉంచుకున్నది, మిగిలిన పైసలతోటి మిగతా టీమ్ చూసుకున్నది. ముంబై దగ్గర ఎక్కువ పైసలున్నయని వాళ్ళకి పెద్ద పర్సు ఇయ్యరు కదా. ఈడ గట్ల లేదా? ఇంతకీ స్కీన్స్‌కి మనోళ్ళు ఎంత ఇస్తున్నరు?

లెక్కల పంతులు

తమ్ముడూ, నీ ప్రశ్నలోనే అసలు జబ్బు ఉంది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో క్యాప్, అంటే జీతాలకి ఇంతకు మించి పెట్టకూడదన్న హద్దు, లేదు. 2026కి పేరోల్ (ఆటగాళ్ళ జీతాల మొత్తం) 244 మిలియన్లు దాటితే పన్ను కట్టాలి అంతే, కట్టగలిగినవాళ్ళు కడతారు, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ కడుతూనే ఉన్నారు. కింద వైపు కూడా హద్దు లేదు, ఓనర్ ఎంత తక్కువ పెట్టినా లీగ్ ఆపదు. మన టీమ్ 2025 పేరోల్ 80, 90 మిలియన్ల మధ్య. డాడ్జర్స్‌ది 300 పైన.

స్కీన్స్ 2025 జీతం 8 లక్షల 75 వేల డాలర్లు. అవును, లక్షలే. ఆ ఏడాది లీగ్‌లో కనీస జీతం 7 లక్షల 60 వేలు. ఎందుకంటే ఆటగాడికి మొదటి మూడేళ్ళు బేరం చేసే హక్కు ఉండదు, టీమ్ ఎంతంటే అంత. ఆ తర్వాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్, అంటే టీమ్ ఒక అంకె చెప్తుంది, ఆటగాడు ఒక అంకె చెప్తాడు, రాజీ కుదరకపోతే మధ్యవర్తుల ప్యానెల్ ఆ రెంటిలో ఒకటి ఎంచుతుంది. ఆరేళ్ళ సర్వీస్ నిండాక ఫ్రీ ఏజెంట్. స్కీన్స్‌కి 2027 నుంచి ఆర్బిట్రేషన్ మొదలు. పిచర్లలో డేవిడ్ ప్రైస్ 2015లో 19.75 మిలియన్లకి సెటిలయ్యాడు, హిట్టర్లలో వాన్ సోటో 2024లో 31 తీసుకున్నాడు, వీడు ఆ దారిలోనే వెళ్తాడు కాబట్టి 2029 నాటికి మన పేరోల్‌లో పెద్ద ముక్క ఒక్కడిదే అవుతుంది. అందుకే బావగారు చెప్పిన నాలుగేళ్ళలో కూడా అసలు చవక సంవత్సరం ఇంకొక్కటే మిగిలింది, 2026.

ఇంకోటి, కుర్ర ఆటగాళ్ళకని 2022 ఒప్పందంలో 50 మిలియన్ల బోనస్ పూల్ పెట్టారు, 30 టీములూ కలిసి వేస్తాయి. స్కీన్స్‌కి 2025కి అందులోంచి 3.4 మిలియన్లు వచ్చాయి. సొంత జీతానికి దాదాపు నాలుగు రెట్లు పూల్ నుంచే!

మన్రోవిల్ అక్క

నేను అంకెలు చెప్పలేను, మా ఇంట్లో పిల్లలు ఏం అడుగుతారో అది చెప్తాను. మావాడికి బెడ్నార్ అంటే ప్రాణం. మార్స్ ఊరి కుర్రాడు, ఇక్కణ్ణుంచి గంట కూడా పట్టదు, సొంతూరి టీమ్‌కి చివరి ఇన్నింగ్స్ వేసేవాడు, జులైలో యాంకీస్‌కి ఇచ్చేశారు. అదే వారం కిబ్రయన్ హేస్‌ని రెడ్స్‌కి పంపేశారు. మావాడు జెర్సీ వేసుకుని కూర్చుని, అమ్మా ఇప్పుడు ఇది వేసుకోవచ్చా అని అడిగాడు. వేసుకో నాన్నా అన్నాను. ఇంకేం చెప్పను? ఇంకో రెండేళ్ళు పోతే ఎవరుంటారో తెలీక, కొత్త జెర్సీ కొనేముందు ఎవరిది కొనాలో ఆలోచించాల్సి వస్తోంది మాకు.

మేము ఆదివారం పొద్దున పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి, అక్కడే పులిహోర తిని, మధ్యాహ్నం గేమ్‌కి పోతాం. పైన 300 సెక్షన్‌లో కూర్చుంటే క్లెమెంటే వంతెన, నది, డౌన్‌టౌన్ మొత్తం కనిపిస్తుంది, ఇంత అందమైన పార్కు దేశంలోనే లేదని నా నమ్మకం. రైట్ ఫీల్డ్ గోడ 21 అడుగులు కట్టింది మన టీమ్ పాత దిగ్గజం క్లెమెంటే జెర్సీ నంబర్ 21 కాబట్టి. అలాంటి గోడ మీద 2025 సీజన్ మొదట్లో ఆయన 21 గుర్తు తీసేసి ఆ చోట ఆల్కహాల్ యాడ్ పెట్టారు. ఊరు ఊరంతా గోల పెడితే మళ్ళీ పెట్టారనుకోండి. డబ్బు లేక కాదండీ జనం టీమ్ అమ్మెయ్యి అని స్టేడియంలో అరిచేది, లెక్కలేనితనం చూసి.

పట్నం పోరడు

గా 21 నంబర్ ముచ్చట నాకు తెల్వదు అక్కా. ఈసారి పోతే చూస్త.

మిల్వాకీ మూర్తి

బ్రూవర్స్ అభిమానిగా నాకు మీ వాదన సగమే ఒప్పుకోబుద్ధవుతోంది. మాది పిట్స్‌బర్గ్ కంటే చిన్న టీవీ మార్కెట్. మా పేరోల్ కూడా డాడ్జర్స్‌ది చూస్తే మూడో వంతుకి కాస్త అటూ ఇటూ. అయినా 2025లో 97 గెలిచాం, మొత్తం లీగ్‌లో అందరికంటే ఎక్కువ. ఎలా? అమ్మాల్సినప్పుడు అమ్మాం. కార్బిన్ బర్న్స్‌ని 2024 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌కి ఇచ్చి జోయీ ఆర్టిజ్, డీఎల్ హాల్‌ని తెచ్చుకున్నాం, ఆర్టిజ్ మా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) అయ్యాడు. డెవిన్ విలియమ్స్‌కి ఒక్క ఏడాదే మిగిలి ఉండగా యాంకీస్‌కి ఇచ్చి డర్బిన్‌ని తెచ్చాం, థర్డ్ బేస్ అతనిదే అయ్యింది. కుర్రాడు చోరియోకి మేజర్స్‌లో (పై లీగ్‌లో) ఒక్క గేమ్ ఆడకముందే ఎనిమిదేళ్ళకి 82 మిలియన్లు ఇచ్చి కట్టేసుకున్నాం.

మీవాళ్ళు కూడా అమ్మారు కదా, అమ్మి ఏం తెచ్చారన్నదే తేడా. 2018 జనవరిలో పిచర్ గెరిట్ కోల్‌ని హ్యూస్టన్‌కి ఇచ్చినప్పుడు ఏం వచ్చింది? మస్‌గ్రోవ్ తప్ప చెప్పుకోదగ్గవాడు లేడు. ఆ ఏడాదే జులై 31న క్రిస్ ఆర్చర్ అనే పిచర్ కోసం గ్లాస్‌నవ్, మెడోస్, ఆపైన షేన్ బాజ్! ముగ్గురూ టాంపాకి. ఆ ఒక్క ట్రేడ్ చాలు, అయిదేళ్ళ పేరోల్‌తో సమానం. డబ్బు కంటే ముందు మనిషిని తూచడం రావాలి.

బక్కోస్ బావ

మూర్తి గారూ ఆర్చర్ పేరు ఎత్తకండి, ఇప్పటికీ నిద్ర పట్టదు. కానీ అదే 2018 జనవరిలో మా స్టార్ మెకచెన్‌ని ఇచ్చి బ్రయన్ రేనాల్డ్స్‌ని తెచ్చుకున్నాం, ఆ రేనాల్డ్స్‌కే తర్వాత 106.75 మిలియన్లు ఇచ్చారు, అప్పటికి మా టీమ్ చరిత్రలో అంత పెద్ద కాంట్రాక్ట్ అదే. ఒక్కోసారి తగులుతుంది, ఒక్కోసారి తప్పుతుంది, మీ దగ్గర ఎక్కువసార్లు తగిలింది ఒప్పుకుంటా.

అయితే మీకు గుర్తు చెయ్యాల్సింది ఒకటుంది. 97 గెలిచిన మీ టీమ్ అక్టోబర్‌లో డాడ్జర్స్ మీద నాలుగు గేముల్లో ఎన్ని కొట్టింది? గేమ్‌కి ఒక్కటి, మొత్తం నాలుగు రన్లు. 4-0తో పోయారు. 1982 తర్వాత వరల్డ్ సిరీస్ చూడలేదు మీరు. ఏటా ఒక స్టార్‌ని అమ్మి మళ్ళీ నిలబెట్టే పద్ధతి 162 గేములకి బాగా పనిచేస్తుంది, చివరి మెట్టుకొచ్చేసరికి ఆ అమ్మేసినవాళ్ళే ఉంటే బావుండు అనిపిస్తుంది. నాకు 90 గెలుపులు చాలవండీ, 1979 తర్వాత ఈ ఊరు వరల్డ్ సిరీస్ చూడలేదు.

మిల్వాకీ మూర్తి

నాలుగు రన్ల మాట నిజమే, అది నాకూ మింగుడుపడలేదు. కానీ అక్టోబర్‌కి వెళ్ళాలంటే ముందు 90 గెలవాలి కదా, మీరు 71 దగ్గర ఉన్నారు.

కోనసీమ రాయల్

కాన్సాస్ సిటీ నుంచి నా అనుభవం చెప్తానండి. 2023లో మేము 106 గేములు ఓడిపోయాం. అలాంటి టీమ్ మామూలుగా ఏం చేస్తుంది? ఇంకో మూడేళ్ళు డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) చూసుకుందాం లెమ్మంటుంది. మా ఓనర్ ఆ చలికాలమే సెత్ లూగోకి మూడేళ్ళకి 45, వాకాకి రెండేళ్ళకి 32 ఇచ్చారు. అప్పుడు అందరూ నవ్వారు, వందకి పైగా ఓడిన టీమ్‌కి ముప్ఫై దాటిన పిచర్లెందుకని. ఫిబ్రవరిలో బాబీ విట్ జూనియర్‌కి 11 ఏళ్ళకి 288 మిలియన్ల పైన. 2024లో 86 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళాం, బాల్టిమోర్‌ని వాళ్ళ ఊళ్ళోనే రెండుకి రెండు కొట్టాం. లూగో సై యంగ్ ఓటింగ్‌లో రెండో స్థానం.

2025లో 82 దగ్గర ఆగిపోయాం, అదీ నిజమే. ఒక్క చలికాలం ఖర్చుతో జీవితాంతం గెలవరు. కానీ విట్ ఉన్నాడన్న ధైర్యం వేరు. మా అమ్మాయి ఏడో నంబర్ జెర్సీ కొనుక్కుంది, పైన అక్క చెప్పిన బాధ మాకు లేదు. మార్కెట్ చూస్తే మాది మీకంటే పెద్దదేమీ కాదండి. మా ఓనర్‌కి కుదిరింది మీ ఓనర్‌కి ఎందుకు కుదరదు అన్నదే నా ప్రశ్న.

మన్రోవిల్ అక్క

ఇదే, ఇదే నేను అడిగేది.

ప్రాక్టికల్ ప్రసాద్

అందరూ ఓనర్ జేబు గురించే మాట్లాడుతున్నారు, నేను ఇంకో పక్క చెప్తా, కోప్పడకండి. 2022 ఏప్రిల్‌లో హేస్‌కి ఎనిమిదేళ్ళకి 70 మిలియన్లు ఇచ్చారు, అప్పటికి టీమ్ చరిత్రలో అదే పెద్దది. ఆ రోజు ఈ ఊళ్ళో అందరం చప్పట్లు కొట్టాం. గ్లవ్ అద్భుతం, 2023లో ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు కూడా వచ్చింది. నడుము నొప్పి వచ్చింది, బ్యాట్ లేవలేదు, మూడున్నరేళ్ళకి కాంట్రాక్ట్ వదిలించుకోవడానికి దారి వెతకాల్సి వచ్చింది. అంతకుముందు పిచర్ లిరియానో, మూడేళ్ళకి 39 మిలియన్లు. 2016 ఆగస్ట్‌లో ఆ జీతం దింపుకోవడానికి టొరాంటోకి ఇద్దరు మంచి కుర్రాళ్ళని, మెగ్వైర్‌నీ హరోల్డ్ రామిరేజ్‌నీ, ఎదురిచ్చారు. జీతం వదిలించుకోవడానికి పిల్లల్ని కట్నంగా ఇచ్చినట్టయింది.

డాడ్జర్స్‌కి ఇలాంటివి పది తప్పినా ఏం కాదు. మనకి రెండు తప్పితే నాలుగేళ్ళు పోతాయి. ఓ'హెర్న్‌కి 2026 జులైలో 33. బ్రాండన్ లో ఒక్క ఏడాదికే ఉన్నాడు, 2026 అయిపోగానే ఫ్రీ ఏజెంట్. అతని కోసం మైక్ బరోస్ అనే చవకైన పిచర్‌ని, ఇంకా చాలా ఏళ్ళు కంట్రోల్‌లో ఉండేవాణ్ణి, హ్యూస్టన్‌కి వదులుకున్నాం. నేను ఆ ట్రేడ్ తప్పనడం లేదు, కానీ ఇంకో 30 మిలియన్లు పెట్టెయ్యండి అనేముందు ఎవరి మీద అన్నది చెప్పండి.

లెక్కల పంతులు

ప్రసాద్ గారి ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు మన దగ్గరే ఉంది, 2013.

20 ఏళ్ళు వరసగా ఓడిన టీమ్ అది, 1993 నుంచి 2012 దాకా. 2012 నవంబర్‌లో రసెల్ మార్టిన్ అనే క్యాచర్‌కి రెండేళ్ళకి 17 మిలియన్లు ఇచ్చారు, మన టీమ్ అప్పటిదాకా ఏ ఫ్రీ ఏజెంట్‌కీ అంత ఇవ్వలేదు. యాంకీస్‌లో ముందు ఏడాది అతని బ్యాటింగ్ సగటు 0.211. జనం తిట్టుకున్నారు. కానీ వీళ్ళు కొన్నది బ్యాట్ కాదు, బంతిని పట్టేటప్పుడు గ్లవ్ కదలకుండా అంచు మీద పడ్డ బాల్‌ని స్ట్రైక్‌గా చూపించే చెయ్యి. దానికి అప్పట్లో మార్కెట్‌లో ధర లేదు. పిచర్ ఏజే బర్నెట్‌ని అంతకు కొన్ని నెలల ముందే తెచ్చారు, మిగిలున్న 33 మిలియన్లలో 20 యాంకీస్ చేతే కట్టించి. గ్రౌండ్ బాల్ వేసే పిచర్లని ఏరుకుని, వెనక ఇన్‌ఫీల్డర్లని బ్యాటర్‌ని బట్టి పక్కకి జరిపి నిలబెట్టారు. అంటే ఖర్చు చిన్నదైనా అన్నీ ఒకదానికొకటి అతికేలా పెట్టారు. 94 గెలిచారు. 2015 నాటికి 98.

ఇప్పుడు చూడండి. స్కీన్స్, కెలర్, చాండ్లర్, ఆష్‌క్రాఫ్ట్, సర్జరీ నుంచి తిరిగొస్తే జారెడ్ జోన్స్. పిచింగ్ ఉంది. లేనిది లెఫ్ట్ హ్యాండ్ బ్యాట్ పవర్, సరిగ్గా అదే కొన్నారు, బ్రాండన్ లో లెఫ్టీ, ఓ'హెర్న్ లెఫ్టీ. పీఎన్‌సీ పార్క్‌లో రైట్ హ్యాండ్ బ్యాటర్‌కి లెఫ్ట్ ఫీల్డ్ దూరం, హోమ్ రన్ కష్టం. కాబట్టి ఈ చలికాలం చేసినవి తలా తోకా లేని కొనుగోళ్ళు కావు. ఇంకా పెట్టాల్సింది ఎక్కడంటే థర్డ్ బేస్‌లో, హేస్ వెళ్ళాక అది ఖాళీయే. తర్వాత బుల్‌పెన్ (మధ్యలో దిగి వేసే పిచర్లు), బెడ్నార్ చోటు.

బక్కోస్ బావ

2013 అక్టోబర్ 1 రాత్రి నేను ఆ పార్కులో ఉన్నా. అందరూ నల్ల బట్టల్లో వచ్చారు. సిన్సినాటీ పిచర్ క్వేటోని పేరు సాగదీసి అరుస్తున్నాం, స్టేడియం మొత్తం ఒకే గొంతు, అతని చేతిలోంచి బంతి జారి మట్టిలో పడింది, జనం ఇంకా గట్టిగా అరిచారు, తర్వాతి పిచ్‌కే మార్టిన్ లెఫ్ట్ ఫీల్డ్ స్టాండ్స్‌లోకి కొట్టాడు. రెండేళ్ళకి 17 మిలియన్లు ఇచ్చిన మనిషి ఆ రాత్రి రెండు హోమ్ రన్లు కొట్టాడు. పక్కన ఎవరో ముసలాయన, నాకు తెలీదు, నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. ఈ ఊరికి బేస్‌బాల్ అక్కర్లేదు, అమెరికన్ ఫుట్‌బాల్ ఊరు ఇది అని ఎవరైనా అంటే నేను ఆ రాత్రి గుర్తు చేస్తా.

ప్రసాద్ గారూ, తప్పుతుందేమో అన్న భయం న్యాయమే. కానీ మనం ఏమీ పెట్టని ఏళ్ళు కూడా తప్పే కదా, ఆ నష్టం కాంట్రాక్ట్ రూపంలో కనపడదు అంతే. స్కీన్స్‌కి 2024లో రూకీ ఆఫ్ ది ఇయర్ (బెస్ట్ కొత్త ఆటగాడు), 2025లో సై యంగ్, ఆ రెండేళ్ళకీ కలిపి మనకి ప్లేఆఫ్ గేమ్ ఒక్కటీ లేదు. దాన్ని ఏ ఖాతాలో రాస్తారు?

పట్నం పోరడు

నాకు ఇంకొక డౌటు. ఇదే ఊర్ల ఫుట్‌బాల్ టీమ్ స్టీలర్స్ ఉన్నది, హాకీ టీమ్ పెంగ్విన్స్ ఉన్నది. వాళ్ళు గెలుస్తనే ఉంటరు. ఊరు చిన్నదైతే వాళ్ళకి కూడా చిన్నదే కదా?

లెక్కల పంతులు

భలే పట్టుకున్నావు తమ్ముడూ. ఊరు ఒకటే, నియమాలు వేరు. స్టీలర్స్‌కి ఆరు సూపర్ బౌల్స్, పెంగ్విన్స్‌కి ఐదు స్టాన్లీ కప్పులు. ఫుట్‌బాల్‌లో గేములన్నీ నేషనల్ టీవీవే, ఆ డబ్బు అందరికీ సమానం, పైగా క్యాప్, కింద ఫ్లోర్ కూడా ఉంది. హాకీలోనూ రెండూ ఉన్నాయి. బేస్‌బాల్‌లో మాత్రం లోకల్ టీవీ ఎవరిది వాళ్ళదే, డాడ్జర్స్ లోకల్ టీవీ ఒప్పందం 25 ఏళ్ళకి 8.35 బిలియన్లు. ప్రతి టీమ్ లోకల్ ఆదాయంలో 48 శాతం ఒక కుండలో వేసి సమానంగా పంచుతారు, ఆ లెక్కన పిట్స్‌బర్గ్‌కి ఏటా వచ్చేది పుచ్చుకోవడమే, ఇచ్చేది కాదు. ఆ వచ్చిన డబ్బు టీమ్ బాగుకే వాడాలని నియమం ఉంది. సరిగ్గా వాడట్లేదని 2018లో ఆటగాళ్ళ యూనియన్ నాలుగు టీముల మీద ఫిర్యాదు పెట్టింది, పైరేట్స్, టాంపా రేస్, మార్లిన్స్, అథ్లెటిక్స్.

ప్రాక్టికల్ ప్రసాద్

అందుకే క్యాప్ రావాలి అంటాను నేను. 2026 డిసెంబర్ 1తో ఇప్పటి ఒప్పందం అయిపోతుంది. ఓనర్లు క్యాప్ కోసం పట్టుబడతారు. అది వస్తే మన ఓనర్ నటింగ్ గారి సాకు కూడా పోతుంది, ఫ్లోర్ కూడా రావాలి కదా దాంతోపాటు.

కోనసీమ రాయల్

క్యాప్ గొడవే కదండీ 1994లో వరల్డ్ సిరీస్‌ని మింగేసింది. అప్పుడు ఆటగాళ్ళు సమ్మె చేశారు, ఈసారి ఓనర్లే తలుపులు మూస్తారేమోనని నా భయం. 2027లో సగం సీజన్ పోతే అందరికంటే నష్టపోయేది పిట్స్‌బర్గే, స్కీన్స్ ఉండే ఏళ్ళలో ఒకటి ఆట లేకుండానే కరిగిపోవచ్చు. క్యాప్ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చునే వీలు మీకు లేదు.

బక్కోస్ బావ

ఈ కోణం నేను పైన రాయలేదు గానీ 2026నే గట్టిగా పట్టుకోవాలనడానికి దీనికి మించిన కారణం లేదు. 27 గ్యారంటీ కాదు.

మన్రోవిల్ అక్క

ఒక చిన్న మాట మధ్యలో. మన దేశం కుర్రాళ్ళిద్దరు, రింకు సింగ్, దినేష్ పటేల్, 2008లో పైరేట్స్‌తోనే సంతకం చేశారని ఇక్కడ కొత్తవాళ్ళకి తెలుసా? ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్ళు, అంతకుముందు బేస్‌బాల్ ముట్టుకోలేదు. మేజర్స్ దాకా రాలేదు గానీ రింకు ఏళ్ళ తరబడి మైనర్స్‌లో (కింది లీగుల్లో) వేశాడు. ఎక్కడా దొరకని చోట వెతకాలన్న బుద్ధి ఈ టీమ్‌కి ఒకప్పుడు ఉండేది, అది నాకు నచ్చేది.

పట్నం పోరడు

రింకు సింగ్ అంటే మన కోల్‌కతా బ్యాటర్ అనుకున్న. ఈయన వేరేనా! ఇంకా చెప్పున్రి, గ్రిఫిన్ అని అందరు అంటున్నరు, ఆయన ఏప్రిల్‌ల ఆడతడా?

మిల్వాకీ మూర్తి

కానర్ గ్రిఫిన్, షార్ట్‌స్టాప్, 2025లో వయసు 19. 2024 డ్రాఫ్ట్‌లో తొమ్మిదో పిక్. 2025లో మూడు మైనర్ లెవెల్స్ కలిపి 0.333 సగటుతో కొట్టాడు, 21 హోమ్ రన్లు, 65 స్టీల్స్ (పరిగెత్తి దొంగిలించిన బేస్‌లు). చివరికి అల్టూనా దాకా వచ్చాడు, అంటే డబుల్-ఏ, మేజర్స్‌కి రెండు మెట్ల కింద. బయటివాడిగా చెప్తున్నా, మైనర్స్‌లో అతని కంటే మంచి కుర్రాడు లేడు. మీ చేతిలో చోరియో లాంటివాడు ఉన్నాడు, చోరియోకి మేం చేసిందే చెయ్యండి.

ప్రాక్టికల్ ప్రసాద్

ఇక్కడ నేను కూడా ఖర్చు వైపే. హేస్ విషయంలో తప్పు వయసు 25కి కొన్నాం, అప్పటికే సర్వీస్ కొంత గడిచింది. 19 ఏళ్ళవాడికి ఎనిమిది తొమ్మిదేళ్ళు కట్టినా 28 దాటడు, ముసలితనానికి డబ్బు కట్టక్కర్లేదు. కానీ ఏప్రిల్‌లో దింపొద్దు. 2025 అయ్యేదాకా ట్రిపుల్-ఏలో (మేజర్స్‌కి ఒక్క మెట్టు కింద, మనది ఇండియానాపోలిస్‌లో) ఒక్క గేమ్ ఆడలేదు వాడు. రెండు వారాల పైన ఇండియానాపోలిస్‌లో ఉంచితే సర్వీస్‌లో ఒక ఏడాది మిగులుతుంది, 172 రోజులు నిండితేనే కదా ఏడాది. కబ్స్ 2015లో బ్రయంట్‌ని 171 దగ్గర ఆపారు, తర్వాత అతను ఫిర్యాదు చేసినా కబ్సే గెలిచింది.

లెక్కల పంతులు

ప్రసాద్ గారూ, ఆ లెక్క 2022 ఒప్పందంతో మారిపోయింది, స్కీన్స్ విషయంలో మనమే చూశాం కదా. అతన్ని 2024 మే 11న దింపారు, రోజుల లెక్కన ఆ ఏడాది నిండకూడదు. కానీ రూకీ ఆఫ్ ది ఇయర్ గెలిచాడు, మొదటి ఇద్దరిలో ఉన్నవాడికి ఏడాది మొత్తం సర్వీస్ ఇచ్చెయ్యాలి. అంటే మిగులుతుందనుకున్న ఏడాది పోయింది. అదే ఓపెనింగ్ డే నుంచి ఉంచి ఉంటే, ఆ అవార్డుకి మనకి మొదటి రౌండ్ తర్వాత ఒక డ్రాఫ్ట్ పిక్ అదనంగా వచ్చేది. అదీ పోయింది. ఆ సీజన్ మొదలయ్యేనాటికి ప్రొఫెషనల్‌గా ఏడు ఇన్నింగ్స్ కూడా వెయ్యని పిచర్, చేతిని కాపాడుకుంటూ తేవడంలో అర్థం ఉంది, అది నేను కాదనను. గ్రిఫిన్ పిచర్ కాదు. ఫ్లోరిడా క్యాంపులో బ్రేకింగ్ బాల్ చూడగలుగుతున్నాడా లేదా, షార్ట్‌స్టాప్‌లో పాదాలు సరిగ్గా పడుతున్నాయా లేదా, ఆ రెండూ చూసి నిర్ణయించాలి. రెడీ అయితే మొదటి రోజే దింపాలి. రోజులు లెక్కపెట్టి ఆపితే ఏప్రిల్‌లో పోయే రెండు గేములు సెప్టెంబర్‌లో వెతుక్కుంటాం.

బక్కోస్ బావ

నా ఓటు పంతులు గారికే. వాడు సిద్ధంగా లేకపోతే ఇండియానాపోలిస్‌లో మే, జూన్ దాకా ఆడనివ్వండి, ఎవరూ ఏమీ అనరు. సిద్ధంగా ఉండి కూడా ఆపితే మాత్రం ఓ'హెర్న్‌కి ఇచ్చిన 29 మిలియన్లకీ అర్థం ఉండదు. కాంట్రాక్ట్ మాట మార్చిలోపే మొదలెట్టాలి, రూకీ ఏడాది బాగా ఆడాక చోరియో ధరకి ఎవడూ సంతకం పెట్టడు.

మన్రోవిల్ అక్క

కాంట్రాక్ట్ సంతకం అయిన రోజు ఎవరైనా ఇక్కడ వెంటనే రాయండి. మావాడికి జెర్సీ మీద ఆ పేరు వేయిద్దామని ఆపి ఉంచాను.